చిగుళ్లు ఆకులయ్యేలోపు

మంచు కరిగి వీధులన్నీ బురదబురదగా ఉన్న రోజుల్లో చిన్న సిస్టర్ ఆ ఊళ్లో రైలు దిగింది. ఇంటి దగ్గర సంఘం వాళ్లు నెత్తి మీద చేతులుంచి ప్రార్థన చేసి, పరాయి దేశంలో రెండేళ్ల సువార్త సేవకని పంపారు. తండ్రి బస్సు కండక్టరు. సాగనంపుతూ, "టికెట్టు లేకుండా ఎక్కేవాళ్లను చాలామందిని చూశాను గానీ, తిరుగు టికెట్టు లేకుండా ఎక్కేదాన్ని నిన్నే చూస్తున్నానే" అని నవ్వబోయి ఏడ్చేశాడు. ఆ మొహం దారి పొడుగునా ఆమె కళ్లముందే ఉంది.

ప్లాట్‌ఫారం మీద పొడుగాటి కోటు వేసుకున్న పొడుగాటి మనిషి నిలబడి ఉంది. అంతకు ఏడాది ముందు వచ్చిన పెద్ద సిస్టర్ ఆవిడే.

"నువ్వేనా! రావే, రా. తెలుగు విని ఏడాదయింది. ఏదైనా మాట్లాడు, తిట్టినా ఫర్వాలేదు" అంది.

చిన్న సిస్టర్‌కు ఏమీ తోచక, "చలిగా ఉందక్కా" అంది.

"అబ్బ, ఎంత బాగుందో ఆ మాట!" అంటూ పెద్ద సిస్టర్ ఆమె చేతిలో పెట్టె లాక్కుని ముందు నడిచింది.

వాళ్ల గది ఓ పాత మేడ మీద, మూడో అంతస్తులో. రెండు ఇనుప మంచాలు, ఒక గ్యాసు పొయ్యి, గోడకు కొట్టిన కొక్కేలు. తెల్లారేసరికి గోడలోని నీళ్ల గొట్టాలు ఎవరో సుత్తితో కొడుతున్నట్టు టంగుటంగుమనేవి. కిటికీలోంచి చూస్తే కింద పెరడు, పెరట్లో మోడులా నిలబడ్డ ఒక చెట్టు. ప్రొద్దున ప్రార్థన, తర్వాత ఆ దేశపు భాష నేర్చుకోవడం, తర్వాత ఇల్లిల్లూ తిరగడం. జంటగా వెళ్లాలి, జంటగా రావాలి. ఒకరి మాటను ఇంకొకరు నలుగురిలో కాదనకూడదు. అది సంఘం పెట్టిన నియమం.

తలుపులు తీసేవాళ్లు ఇద్దర్నీ ఎగాదిగా చూసి, మర్యాదగానే తలుపు వేసేసేవారు. కొందరు కిటికీ తెర తొలగించి చూసి, ఇంట్లో లేనట్టు ఊరుకునేవారు. ఏడాదిగా ఒక్కరంటే ఒక్కరు కూడా ప్రార్థన హాలుకు కొత్తగా రాలేదని పెద్ద సిస్టర్ ఎప్పుడూ నోరు తెరిచి అనలేదు. కానీ ఆదివారం పూట ఖాళీ కుర్చీల వైపు ఆమె చూసే చూపులో అది తెలిసిపోయేది.

తలుపు వెయ్యని ఇల్లు ఒక్కటే, అదీ వాళ్ల మేడ కిందే ఉంది. ముందు గదిలో కుట్టుపని కొట్టు. పాత కోట్లకు లైనింగు మార్చడం, ప్యాంట్లు పొట్టి చెయ్యడం, జిప్పులు వెయ్యడం. కొట్టు నడిపే ఆవిడ బొద్దుగా, నోట్లో ఎప్పుడూ రెండు గుండుసూదులు పెట్టుకుని ఉండేది. వెనక గదిలో ఆవిడ భర్త. ఊళ్లో సగం కొట్లకు బోర్డులు రాసిన పెయింటరు. ఆ చలికాలంలో జబ్బుపడి మంచం పట్టాడు.

మొదటిసారి ఆ ఇంట్లో మాట్లాడే వంతు చిన్న సిస్టర్‌కు వచ్చింది. పెద్ద సిస్టర్ మోచేత్తో పొడిచి, "నువ్వే చెప్పు, నోరు తిరగాలిగా" అంది. మీకో మంచి కబురు తెచ్చామని చెప్పాలి. ఆ భాషలో కబురుకూ కప్పకూ ఒక్క దీర్ఘమే తేడా. చిన్న సిస్టర్ చేతులు కట్టుకుని, గొంతు సవరించుకుని, బాగా వినబడేలా, "మీకో మంచి కప్పను తెచ్చాం" అంది.

కుట్టుమిషను ఆగిపోయింది. వెనక గదిలోంచి ఒక బొంగురు గొంతు, "కప్పా? బయట చలికి చచ్చిపోగలదు, లోపలికి తీసుకురండి" అంది.

ఆ మాటతో తలుపు తెరుచుకుంది. ఆ రోజు నుంచి ఆమెకు కప్పపిల్ల అన్న పేరూ స్థిరపడింది. ఆయనను ఏమని పిలవాలో తెలియక, మనసులో అనుకున్నది నోట్లోకి వచ్చేసి, ఒకనాడు "బాబాయి" అంది చిన్న సిస్టర్. అంటే ఏమిటని అడిగాడాయన. మా నాన్న తమ్ముడని చెప్పింది.

"మీ నాన్న ఏం చేస్తాడు?"

"బస్సులో టికెట్లు కొడతాడు."

"అయితే ఫర్వాలేదు. తమ్ముణ్ణవుతాను" అన్నాడు. బాబాయి భార్య పిన్ని కాక ఇంకేమవుతుంది? ఆవిడ ఆ మాటను గుండుసూదులు నోట్లో ఉండగానే రెండు మూడుసార్లు అని చూసుకుని, బాగుందన్నట్టు తలూపింది.

ఆ నెలంతా రోజూ కాసేపు అక్కడే గడిచేది. బాబాయి దిండుకు ఆనుకుని కూర్చుని ఆమెకు భాష నేర్పేవాడు. ఆయన పలక మీద అక్షరం రాస్తే ముగ్గు వేసినంత ముద్దుగా ఉండేది. "వీధిలోకి వెళ్లి మంగలి కొట్టు బోర్డు చూసి రా. మూడో అక్షరం నెలలు నిండినట్టుంటుంది. ఆ రోజు నాకు జ్వరం" అనేవాడు. ఆమె వెళ్లి చూస్తే నిజంగానే ఆ అక్షరానికి పొట్ట ఉండేది. తిరిగొచ్చి, "కవలలేమో బాబాయి" అంటే పకపకా నవ్వబోయి దగ్గేవాడు. ఆ దగ్గు తగ్గేదాకా పిన్ని వీపు రాస్తూ నిలబడేది.

దేవుడి మాట ఎత్తితే మటుకు ఆయన, "నాకొద్దు గానీ, మా ఆవిడకు చెప్పండి. నేను చెప్పే కబుర్లు ఆవిడకు ఎప్పుడో పాతబడ్డాయి" అనేవాడు. పిన్ని నిజంగానే వినేది. మొదట్లో మొహమాటానికి. తర్వాత్తర్వాత కుట్టుమిషను ఆపి మరీ వినేది.

పెరట్లో మోడుకు ఎర్రటి చిగుళ్లు తలెత్తిన రోజుల్లో బాబాయికి జబ్బు ఎక్కువైంది. ఒకరోజు ఇద్దరూ వెళ్లేసరికి పిన్ని మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది. మొహం వాచిపోయింది. డాక్టరు వచ్చి వెళ్లాడని మాత్రం చెప్పింది. ఏమన్నాడో చెప్పలేదు.

పెద్ద సిస్టర్ మోకాళ్ల మీద కూర్చుని ప్రార్థన మొదలుపెట్టింది. ఆమె ప్రార్థన చేస్తుంటే రాయి కూడా కరుగుతుందని ఇంటి దగ్గర చెప్పుకునేవారు. పరాయి భాషలో కూడా ఆ గొంతుకు అంత శక్తీ ఉంది. మెల్లగా మొదలై, వణికి, పైకి లేచి, గది నిండిపోయింది. చివర ఆమె కళ్లు తెరిచింది. కిటికీ బయట చెట్టు వైపు చెయ్యి చూపించింది.

"ఆ చిగుళ్లు ఆకులయ్యేలోపు ఈయన లేచి నడుస్తారు. దేవుడు నాకు చూపించాడు" అంది.

పిన్ని ఆమె రెండు చేతులూ పట్టుకుని మొహానికి అద్దుకుంది. "నిజమేనా? నిజమేనా?" అంటూ వెక్కివెక్కి ఏడ్చింది. చిన్న సిస్టర్ అలవాటు కొద్దీ ఆమెన్ అంది. అంటూనే బాబాయి వైపు చూసింది. ఆయన భార్య తల నిమురుతున్నాడు. 

మర్నాటి నుంచి పిన్ని వేరే మనిషైపోయింది. జుట్టు నున్నగా దువ్వుకుంది. కొట్టుకు వచ్చిన వాళ్లందరికీ, "మా ఆయన లేస్తున్నాడు" అని చెప్పేది. అరలోంచి దాచుకున్న మంచి గుడ్డ తీసి, ఆయన లేచి తిరగడానికి కొత్త కోటు కత్తిరించడం మొదలుపెట్టింది. కొలతలు తీసుకోలేదు. పాత కొలతలు ఆవిడకు కంఠతా వచ్చు. ఆ కోటు భుజాల మీద చిన్న సిస్టర్ కళ్లు పడ్డాయి. ఇప్పటి బాబాయిలాంటి వాళ్లు అందులో ఇద్దరు పడతారు.

ఒక ప్రొద్దున పెద్ద సిస్టర్ ముందు గదిలో పిన్నికి వాక్యం చదివి వినిపిస్తూ ఉంది. వెనక గదిలో చిన్న సిస్టర్ పలక తీసుకుని కూర్చుంటే బాబాయి, "పలక పక్కన పెట్టు" అన్నాడు.

"ఏం బాబాయి, ఒంట్లో బాగాలేదా?"

"మీ అక్క మంచిది. ఆమె ప్రార్థన చేస్తుంటే నాకే లేచి గంతులు వెయ్యాలనిపిస్తుంది. కానీ నేను లేవను. నా ఒళ్లు నాకు తెలియదా?"

 తన అమ్మమ్మ పోయే ముందు ఆవిడ కాళ్లు ఎలా ఉబ్బాయో, గోళ్లు ఏ రంగుకు తిరిగాయో చిన్న సిస్టర్ దగ్గరుండి చూసింది. దుప్పటి కింద బాబాయి కాళ్లను రోజూ చూస్తోంది.

"డాక్టరు ఏమన్నాడు?" అని అడిగింది చివరికి.

"అనాల్సింది అన్నాడు. మా ఆవిడా విన్నది. విని మర్చిపోయింది. మీ అక్క మర్చిపోనిచ్చింది." ఆయన కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "నాకో కూతురుంది. ఒక పగలంతా రైల్లో పోవాలి. అక్కడ ఆసుపత్రి వంటశాలలో పని చేస్తుంది. దాన్ని చూడాలనుంది. ఫోను చెయ్యవే అంటే, 'లేచాక నువ్వే వెళ్దువుగాని, తలుపు తీసి అదిరిపోతుంది' అంటుంది మా ఆవిడ. నేను పోతున్నానని ఒప్పుకుంటే గానీ దాన్ని పిలవదు. ఒప్పుకోదు."

"మీరే గట్టిగా చెప్పొచ్చుగా బాబాయి?"

"చెప్పాను. 'నువ్వే నమ్మకపోతే దేవుడు ఎలా లేపుతాడు' అని ఏడ్చింది. నలభై ఏళ్లు కాపురం చేశాం. నా వల్ల ఆవిడ అలా ఏడవడం ఇంకోసారి చూడలేను. దొంగచాటుగా పిల్లను రప్పించుకోవడమూ నాకిష్టం లేదు. ఆవిడే పిలవాలి." ఆయన చేత్తో ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఆ చేతిలో బలం లేదు. "ఆవిడ మనసులో ఆ మాట నాటింది మీరు. మీరే తీసెయ్యాలి, తల్లీ."

గదికి వెళ్లగానే చిన్న సిస్టర్ అంతా చెప్పేసింది. పెద్ద సిస్టర్ కోటు కొక్కేనికి తగిలిస్తూ విన్నది. విన్నంతసేపూ వెనక్కి తిరగలేదు. తిరిగాక ఆమె మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"ఆయన నమ్మలేదు. సరే. పిన్ని నమ్మింది. నేను నమ్మాను. నీకేమైంది?"

"ఆయన కాళ్లు చూశావా అక్కా?"

"నేను కాళ్లు చూడటానికి రాలేదే!" పెద్ద సిస్టర్ ఒంటికాలి మీద లేచింది. "మా నాన్నకు డాక్టర్లు రోజులు లెక్కపెట్టారు. సంఘమంతా ఉపవాసముండి ఏడిస్తే లేచి కూర్చుని గంజి అడిగాడు. నా కళ్లతో చూశాను. అప్పుడు నాకు పదకొండేళ్లు. ఆ రోజు లేకపోతే నేనిక్కడ లేను. మా నాన్నను లేపినవాడు ఈయనను లేపలేడా?"

"లేపలేడని అనట్లేదు. లేపుతానని నీతో అన్నాడా?"

ఆ ప్రశ్న అడిగిన వెంటనే నాలుక్కరుచుకుంది. పెద్ద సిస్టర్ ఆమె దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి ఒక్కొక్క మాటే అంది. "నీ అపనమ్మకం తీసుకెళ్లి ఆ మంచం దగ్గర పెట్టకు. ఆయనకేమైనా అయితే ఆ పాపం ఎవరిది?"

ఆ మాట చిన్న సిస్టర్ లోపల ముల్లులా దిగబడింది. నిజంగానే తన అపనమ్మకమే అడ్డమైతే? ఎవరికీ చెప్పకుండా రెండు పూటలు తిండి మానేసింది. చదువుకునే టేబులు దగ్గర తల వంచుకుని, దేవా, నా మాట అబద్ధం చెయ్యి, అక్క మాటే నిజం చెయ్యి, ఆయన లేచి కూర్చుంటే చాలు, నన్ను అందరూ ఏమైనా అనుకోనీ, అని వేడుకుంది. అంత నిజంగా ఆమె ఎప్పుడూ ప్రార్థన చెయ్యలేదు.

బయట వసంతం ఎవరి కోసమూ ఆగలేదు. ఎండ వెచ్చబడింది. జనం కోట్లు విప్పి చేతుల మీద వేసుకుని నడుస్తున్నారు. కిటికీలన్నీ తెరుచుకుని, వాటిల్లోంచి పరుపులు బయటికి వేలాడుతున్నాయి. చెట్టు చిగుళ్లు విచ్చుకుని ఆకుపచ్చకు తిరిగాయి. బాబాయి మాట గుసగుసలోకి దిగింది. పలక పట్టుకోవడం మానేశాడు. చిన్న సిస్టర్ లోపలికి వస్తే ఒకసారి చూసేవాడు, అడిగేవాడు కాదు. అడగకపోవడమే ఆమెకు భరించరానిదైంది.

ఒక మధ్యాహ్నం ముగ్గురు ఆడవాళ్లూ ముందు గదిలో ఉన్నారు. పిన్ని కోటుకు చేతులు అతుకుతోంది. పెద్ద సిస్టర్ గుండీలు ఏరుతోంది. పిన్ని ఉత్సాహంగా, "ఈ వారంలో అయిపోతుంది. ఆయన దీన్ని వేసుకుని మీ హాలుకే మొదట నడిచి వస్తాడు" అంది.

చిన్న సిస్టర్ లేచి నిలబడింది.  ఆ భాషలో సరైన మాటలు వెతుక్కుంటూ ఒకటొకటిగా చెప్పింది.

"పిన్నీ, బాబాయి లేవరు. ఆయనకు తెలుసు. నాకు చెప్పారు. కూతుర్ని చూడాలంటున్నారు. మీరు పిలవాలంటున్నారు."

మిషను చక్రం మీద పిన్ని చెయ్యి అలాగే ఉండిపోయింది. పెద్ద సిస్టర్ తెలుగులో, "ఏం చేస్తున్నావే!" అంది. పిన్ని మాత్రం చిన్న సిస్టర్ వైపు చూడనేలేదు. నోట్లోంచి గుండుసూదులు తీసి బల్ల మీద పెట్టి, పెద్ద సిస్టర్ వైపు తిరిగింది.

"నువ్వు చెప్పు. నీకు దేవుడు చూపించాడన్నావు. చూపించాడా?"

పెద్ద సిస్టర్ పెదవులు కదిలాయి. "చూపించాడనే అనుకున్నాను."

"అనుకున్నావా, చూపించాడా?"

వెనక గదిలో బాబాయి దగ్గు వినిపించింది. పెద్ద సిస్టర్ దోసిట్లోంచి ఒక గుండీ జారి కిందపడి దొర్లిపోయింది. ఆమె దాని వైపే చూస్తూ, "కావాలనుకున్నానమ్మా. చాలా గట్టిగా కావాలనుకున్నాను" అంది.

పిన్ని సగం కుట్టిన కోటు మడిచి పక్కన పెట్టింది. తర్వాత, "బయటికి వెళ్లండి. ఇద్దరూ" అంది.

మెట్లెక్కుతుంటే వెనక నుంచి ఫోను తిప్పుతున్న చప్పుడు, ఆ వెంటనే పిన్ని గొంతు వినిపించాయి. ఏం మాట్లాడిందో తెలియలేదు. మాటల మధ్యలో ఆవిడ ఆగిపోవడం తెలిసింది. చిన్న సిస్టర్‌కు గెలిచినట్టేమీ అనిపించలేదు. ఎవరినో మెట్ల మీద నుంచి తోసేసినట్టుంది. గదిలోకి వచ్చాక ఇద్దరూ చెరో మంచం మీద కూర్చున్నారు. ఆ రోజు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

కూతురు మర్నాడే వచ్చింది. చిన్న సిస్టర్ కిటికీలోంచి చూసింది. తండ్రి పోలికే, అదే పెద్ద నుదురు. పెట్టె గుమ్మంలో వదిలేసి లోపలికి పరుగెత్తింది. ఆ సాయంత్రం పిన్ని మెట్లెక్కి వచ్చి, గుమ్మం దగ్గరే నిలబడి, "ఆయన కప్పపిల్లను పిలుస్తున్నాడు" అంది. పెద్ద సిస్టర్ ఆ గదిలో లేనట్టే మాట్లాడింది.

కింద బాబాయి కిటికీ దగ్గర కుర్చీలో దిండ్ల మధ్య కూర్చుని ఉన్నాడు. ఒంటి మీద కొత్త కోటు. చిన్న సిస్టర్ దాన్ని చూసి గుర్తుపట్టలేకపోయింది. పిన్ని రాత్రికి రాత్రే కుట్లన్నీ విప్పి, ఆయన ఇప్పటి ఒంటికి సరిపోయేలా చిన్నది చేసింది. భుజాల దగ్గర చక్కగా అమరింది. కూతురు నేల మీద కూర్చుని ఆయన కాళ్లు ఒళ్లో పెట్టుకుంది. ఆయన గుసగుసగా మంగలి కొట్టు బోర్డు కథ చెబుతున్నాడు. ఎన్నిసార్లు విన్నదో గానీ కూతురు మొదటిసారి విన్నట్టు నవ్వుతోంది. నవ్వుతూనే మోచేత్తో కళ్లు తుడుచుకుంటోంది.

"మా అన్న కూతురు" అని ఆయన చిన్న సిస్టర్‌ను పరిచయం చేశాడు. "బస్సుల్లో టికెట్లు కొట్టే అన్న ఉన్నాడులే, నీకు తెలియదు."

ఆ తర్వాత రోజుల్లో చిన్న సిస్టర్ నీళ్లు మోసింది, దుప్పట్లు ఉతికింది, తల్లీకూతుళ్లు కునుకు తీస్తుంటే ఆయన పక్కన కూర్చుంది. దేవుడి మాట ఎత్తలేదు. ఒకసారి ఆయనే, "మీ అక్కను తిట్టకు. నా మీద అంత ఆశ పెట్టుకున్నవాళ్లు ఈ మధ్య ఎవరూ లేరు" అన్నాడు. ఒక ఎండ మధ్యాహ్నం, కిటికీ తెరిచి ఉండగా, భార్య ఒక చెయ్యి, కూతురు ఒక చెయ్యి పట్టుకుని ఉండగా బాబాయి పోయాడు. అప్పటికి చెట్టు నిండా ఆకులొచ్చేశాయి. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు.

సమాధి చేసే రోజు సన్నటి వాన. హాలు నుంచి పాస్టరు వస్తానంటే పిన్ని వద్దంది. బోర్డులు రాయించుకున్న కొట్లవాళ్లంతా వచ్చారు. మంగలీ వచ్చాడు. పెద్ద సిస్టర్ లోపలికి రాకుండా గేటు అవతల గొడుగు లేకుండా నిలబడింది. అందరూ తలో మాటా చెప్పాక కూతురు చిన్న సిస్టర్ వైపు చూసింది. ఆమె ముందుకు వచ్చింది గానీ, ఆ భాషలో నేర్చుకున్న మాటలన్నీ ఎటో ఎగిరిపోయాయి. నోటికి తెలుగే వచ్చింది.

"వెళ్లి రండి బాబాయి" అంది.

ఏమన్నావని కూతురు అడిగితే, ఎవరైనా బయల్దేరుతుంటే మా ఇళ్లల్లో వెళ్లమని ఒక్క మాటగా అనం, వెళ్లి రమ్మంటాం అని చెప్పింది. కూతురు ఆమె భుజం మీద తలవాల్చి బావురుమంది. పిన్ని మాత్రం ఏడవలేదు. మట్టి వైపే చూస్తూ నిలబడింది.

ఆ తర్వాత పెద్ద సిస్టర్ గాలి తీసేసిన బంతిలా అయిపోయింది. ప్రార్థనకు కూర్చుంటే నోరు పెగిలేది కాదు. హాలుకు వెళ్లినా వెనక వరుసలో కూర్చుని వచ్చేసేది. చిన్న సిస్టర్ జావ కాచి ఇస్తే సగం తాగి వదిలేసేది. ఒక ప్రొద్దున మంచం కింద నుంచి పెట్టె లాగి బట్టలు సర్దడం మొదలుపెట్టింది.

"నన్ను వెనక్కి పంపెయ్యమని పాస్టరు గారిని అడుగుతాను" అంది.

"పిన్నితో మాట్లాడకుండానా?"

"ఏ మొహం పెట్టుకుని?"

"ఉన్న మొహం పెట్టుకునే అక్కా. ఇంకోటి ఎక్కణ్ణుంచి తెస్తావు?" అంది చిన్న సిస్టర్. వెక్కిరించాలని అనలేదు. అది విని పెద్ద సిస్టర్‌కు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. చేతిలో మడతపెట్టిన బట్ట అలాగే పట్టుకుని మంచం మీద కూలబడింది. "మా నాన్నను లేపినవాడికి ఈయన కనపడలేదా? లేక ఆ రోజు మా నాన్న తనంతట తనే లేచాడా? నాకేం తెలియట్లేదే" అంది. చిన్న సిస్టర్ పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకుంది. 

ఆ రోజే ఇద్దరూ కిందికి వెళ్లారు. కూతురు ఊరికి వెళ్లిపోయింది. పిన్ని ఒక్కతే మిషను దగ్గర ఉంది. పెద్ద సిస్టర్ గుమ్మంలో నిలబడి, "నన్ను క్షమించండి" అని మాత్రం అనగలిగింది.

పిన్ని మిషను ఆపలేదు. గుడ్డ చివరిదాకా కుట్టి, దారం తెంపి, అప్పుడు తలెత్తింది.

"నువ్వా మాట అన్నాక నేను హాయిగా నిద్రపోయాను. నవ్వాను. పాటలు పాడుకున్నాను. ఆయన మాత్రం కూతురు కోసం ఎదురుచూస్తూ గోడ వైపు తిరిగి పడుకున్నాడు. రెండూ నీ వల్లే. ఏం చెయ్యమంటావు నన్ను? తిట్టనా, దండం పెట్టనా?"

"నాకు తెలియదమ్మా."

"నాకూ తెలియదు." పిన్ని కాలితో స్టూలు ఆమె వైపు నెట్టింది. "కూర్చో. నిలబడితే వెలుతురుకు అడ్డంగా ఉంది."

పెద్ద సిస్టర్ కూర్చుంది.  కొట్టు మూసేదాకా ఆమె గుడ్డపీలికలు ఏరి సంచిలో వేస్తూ ఉంది. మర్నాడూ వెళ్లింది. పిన్ని రమ్మననూ లేదు, వద్దననూ లేదు. ఆవిడ హాలుకు ఎప్పుడూ రాలేదు. మళ్లీ నోట్లో గుండుసూదులు పెట్టుకోవడం మొదలుపెట్టిన రోజున, ఒక ప్యాంటు అంచు ఎలా మడవాలో పెద్ద సిస్టర్‌కు చూపించి, వంకరగా కుట్టిందని కసిరింది. ఆ కసురు విని చిన్న సిస్టర్‌కు కళ్లు చెమర్చాయి.

పెద్ద సిస్టర్ పెట్టె మళ్లీ మంచం కిందికి చేరింది. మునుపటి గొంతు మాత్రం తిరిగి రాలేదు. ప్రార్థన చేస్తే తడుముకుంటూ, మధ్యలో ఆగుతూ, ఎదుటివాళ్లతో మాట్లాడినట్టే చేసేది. ఎండలు ముదిరాక ఒకరోజు వీధి చివరి ఇంట్లో ఒక ముసలావిడ తలుపు తీసింది. మోకాళ్లు పట్టేసి అడుగు తీసి అడుగు వెయ్యలేకపోతోంది. వీళ్లెవరో తెలిశాక ఆశగా పెద్ద సిస్టర్ చెయ్యి పట్టుకుని, "మీరు ప్రార్థన చేస్తే తగ్గుతుందా, అమ్మాయ్?" అని అడిగింది.

 పెద్ద సిస్టర్ ఆ మోకాళ్ల వైపు చాలాసేపు చూసింది.

"తగ్గుతుందో లేదో నాకు తెలియదమ్మా" అంది. "ప్రార్థన చేస్తాం. రేపు మళ్లీ వస్తాం. బజారునుంచి మీకేం కావాలో చెప్పండి, తెచ్చిపెడతాం."

ముసలావిడ కొంచెం నిరాశపడ్డట్టే ఉంది. కాసేపు ఆలోచించుకుని, ఉల్లిపాయలు అయిపోయాయని చెప్పింది.